మా గ్రంథాలయంలో 'ఇతరములు' బీరువా విప్పించండి

గ్రంథాలయాల బాధ్యత చూస్తున్న అధికారులకు, జిల్లా స్థాయి పెద్దలకు, పుస్తకాలకు నంబర్లు వేసే తోటి గ్రంథపాలకులకు నమస్కారం.

నేను 31 ఏళ్లు ఒక జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో పాఠకురాలిని. అక్కడి పుస్తకాల వర్గీకరణ గురించి, అంటే ఏ పుస్తకం ఏ విషయానిదో చూసి నంబరు వేసి అరలో పెట్టడం గురించి, గత ఏడాది జూన్‌లో ఒక అర్జీ ఇచ్చాను. అక్టోబర్‌లో రెండోది ఇచ్చాను. ఈ ఏడాది ఫిబ్రవరిలో మూడోది స్పీడ్ పోస్టులో పంపాను. మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అని ఒక వాక్యం వచ్చింది. మూడోదాని సంగతి కనుక్కుందామని ఫోన్ చేస్తే, "చదివేవాళ్లే తగ్గిపోయారమ్మా, ఇప్పుడు నంబర్లు మార్చి ఏం లాభం?" అన్నారు. అన్నవారి మీద నాకు కోపం లేదు. ఆయనకు వంద పనులుంటాయి. కానీ ఆ మాటకు జవాబు నలుగురి ముందూ చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మా గ్రంథాలయంలో 11 బీరువాలున్నాయి. మూడింటి మీద 'ఇతరములు' అని చీటీ అంటించి ఉంది. నాలుగో బీరువాలో రెండు అరలకు 'నీతి' అని పేరు. ఆ రెండు అరల్లో ఉన్న పుస్తకాలు ఒక రోజు కూర్చుని లెక్కపెట్టాను. 43 ఉన్నాయి. అందులో 29 బాలల నీతికథలు. మిగతా 14 ఏమిటో చూస్తే మీకూ బాధ కలుగుతుంది. డాక్టర్లు, నర్సులు రోగులతో ఎలా మెలగాలో చెప్పే వైద్య నీతి పుస్తకం ఒకటి. చాణక్యుడి రాజనీతి మీద వ్యాఖ్యానాలు మూడు. వ్యాపార నీతి మీద ఒకటి. పర్యావరణం పట్ల మనిషి బాధ్యత గురించి ఒకటి. పాశ్చాత్య నీతిశాస్త్ర పరిచయం ఒకటి, అది అట్ట కూడా నలగలేదు. ఇవన్నీ సింహం, కుందేలు బొమ్మల పుస్తకాల మధ్య నిలబడి ఉన్నాయి. కారణం ఒక్కటే. వాటి పేరులో 'నీతి' అనే మాట ఉంది.

దీనికి మా గ్రంథపాలకురాలిని తప్పుపట్టను. ఆవిడ ఒక్కరే రెండు ఊళ్లు చూసుకుంటారు. పుస్తకాల కట్ట వస్తుంది, రిజిస్టర్‌లో ఎక్కించాలి, ముద్ర కొట్టాలి, పేపర్లు తాళ్లకు కట్టాలి, తుడవాలి. పుస్తకం తెరిచి విషయసూచిక చదివి ఇది ఏ శాఖలోకి వస్తుందని ఆలోచించే వ్యవధి ఎక్కడిది? పేరు చూసి పెట్టేస్తారు. ఆవిడ స్థానంలో నేనున్నా అంతే చేసేదాన్నేమో.

మీలో కొందరికి తెలిసిన సంగతే అయినా, ఈ లేఖ చదివే మామూలు పాఠకుల కోసం నీతిశాస్త్రంలోని శాఖల గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

నీతిశాస్త్రం ఒక్క ముద్ద కాదు. మంచి అనే మాటకు అసలు అర్థమేమిటి, అది మనుషులు ఏర్పరచుకున్నదా, ముందునుంచే ఉన్నదా అని అడిగేది ఒక శాఖ. ఏ పని సరైనదని దేన్నిబట్టి తేల్చాలి అని అడిగేది రెండోది. ఇందులో మళ్లీ దారులున్నాయి. ఫలితాన్ని చూడండి, ఎక్కువమందికి మేలు జరిగిందా లేదా అన్నారు ఇంగ్లండ్ తత్వవేత్తలు బెంథామ్, మిల్. ఫలితం సంగతి తర్వాత, ముందు కర్తవ్యం చూడండి అన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్. మనిషి స్వభావం ఎలాంటిదో, ఎలాంటి గుణాలు అలవరచుకున్నాడో చూడమన్నాడు వాళ్లందరికంటే ఎన్నో శతాబ్దాల ముందున్న అరిస్టాటిల్. ఇక మూడో శాఖ ఆసుపత్రిలోకి, కోర్టులోకి, పొలంలోకి, బ్యాంకులోకి వచ్చి అక్కడి చిక్కుల గురించి మాట్లాడుతుంది. దాన్ని అనువర్తిత నీతి అంటారు.

ఇదంతా పడమటి సరుకని అనుకోవద్దు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెప్తాడు. ఎప్పుడూ నిజమే చెప్పాలని వ్రతం పట్టిన తపస్వి ఆయన. దొంగలకు భయపడి కొందరు పారిపోయి వచ్చి ఆయన ఉన్న చోటి దగ్గరే అడవిలో దాక్కున్నారు. దొంగలు వచ్చి అడిగితే కౌశికుడు నిజం చెప్పేశాడు. దాక్కున్నవాళ్లు చచ్చిపోయారు. నిజం చెప్పిన కౌశికుడు నరకానికి పోయాడు. మాట ముఖ్యమా, ఆ మాటవల్ల జరిగేది ముఖ్యమా అనే ప్రశ్న మన ఇళ్లలో పురాణ కాలక్షేపంలో ఎప్పటినుంచో వింటున్నదే. కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఈ కథ చెప్పి, "మీరైతే ఏం చేసేవాళ్లు?" అని అడిగితే గంట కొట్టినా లేచేవాళ్లు కాదు.

మన పూర్వులు కూడా చదువును విడదీసి చూశారు. కౌటిల్యుడు విద్యలు నాలుగన్నాడు: ఆన్వీక్షకి, త్రయి, వార్త, దండనీతి. ఆన్వీక్షకి అంటే తర్కించి తెలుసుకునేది. త్రయి అంటే మూడు వేదాలు. దండనీతి పరిపాలన. వార్త అంటే ఇప్పుడు మనం పేపర్‌లో చదివేది కాదు, వ్యవసాయం, పశుపాలన, వర్తకం కలిపి ఆ పేరు. మాటలు కాలంతోపాటు అర్థం మార్చుకుంటాయి. పేరునిబట్టి పుస్తకాన్ని అరలో పెట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది. మా గ్రంథాలయంలో కౌటిల్యుడి అర్థశాస్త్రం తెలుగు ప్రతి ఇంటర్మీడియట్ ఎకనామిక్స్ గైడ్ల పక్కన ఉంది. తెలుగులో ఎకనామిక్స్‌ను అర్థశాస్త్రం అంటాం కాబట్టి అక్కడికి చేరింది. రాజ్యం ఎలా నడపాలో, గూఢచారులను ఎలా వాడాలో, కోట ఎక్కడ కట్టాలో చెప్పే పుస్తకం అది. దాన్ని వెతుక్కునే పొలిటికల్ సైన్స్ విద్యార్థి ఆ బీరువా వైపు ఎందుకు వెళ్తాడు?

పుస్తకాలకు మనం వాడే డ్యూయీ దశాంశ పద్ధతి 1876లో అమెరికాలో పుట్టింది. జ్ఞానాన్నంతా పది వర్గాలు చేసి, ఒక్కోదాన్ని మళ్లీ పది, మళ్లీ పది చేసుకుంటూ పోతుంది. 100 తత్వశాస్త్రం, అందులో 170 నీతిశాస్త్రం. 172 రాజకీయ నీతి, 173 కుటుంబ సంబంధాల నీతి, 174 వృత్తుల నీతి. వైద్య నీతి 174.2 దగ్గర ఉంటుంది. వైద్యం మాత్రం 610 దగ్గర ఉంటుంది. రెంటికీ మధ్య మా గ్రంథాలయంలో ఐదు బీరువాల దూరం. అది ఆ పద్ధతి తప్పు కూడా కాదు. పుస్తకం ఒక్కటే, దాన్ని ఒక్క చోటే నిలబెట్టగలం. కాకపోతే రెండో చోట కనీసం ఒక చీటీ అయినా ఉండాలి కదా, "ఈ విషయం మీద పుస్తకం అక్కడ కూడా ఉంది, చూడండి" అని.

ఆ పద్ధతిలో కాలం వేసిన గుర్తులు చాలా ఉన్నాయి. మనస్తత్వశాస్త్రం ఇప్పటికీ తత్వశాస్త్రం వర్గంలోనే 150 దగ్గర కూర్చుని ఉంది. వుంట్ అనే శాస్త్రవేత్త జర్మనీలోని లైప్జిగ్‌లో మనస్తత్వశాస్త్రానికి ప్రయోగశాల పెట్టింది 1879లో. అంటే డ్యూయీ నంబర్లు వేసేనాటికి మనస్తత్వశాస్త్రం ఇంకా తల్లి ఇల్లు వదల్లేదు. కంప్యూటర్‌కు చోటే లేకపోతే తర్వాత ఎప్పుడో మొదటి వర్గంలో 004 దగ్గర సర్దారు. సాహిత్యం చూడండి. అమెరికా సాహిత్యం 810, ఇంగ్లీషు 820, జర్మన్ 830. మూడంకెలతో పని అయిపోయింది. మన తెలుగు సాహిత్యం 894.827. మతాల్లో క్రైస్తవానికి ఎన్నో పదులు కేటాయించి, మిగతా లోకంలోని మతాలన్నిటినీ 290లో కుదించారు. అక్కడెక్కడో గీసిన గీతల్లో మన వేమన పద్యం సాహిత్యంలోకి పోతుంది, భగవద్గీత మతంలోకి పోతుంది, మన దర్శనాలు 181.4కి పోతాయి. తెలుగువాడికి నీతి అంటే మొదట గుర్తొచ్చేది శతక పద్యమే. అది 170 దగ్గర దొరకదు.

మనకు సొంత ఆలోచన లేదా అంటే ఉంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు లండన్‌లో ఒక దుకాణంలో మెకానో అనే ఆటవస్తువు ముక్కలను రకరకాలుగా బిగించి చూపిస్తుంటే చూసి, విషయాలను కూడా ఇలాగే ముక్కలుగా చేసి కావలసినట్టు కలపవచ్చు కదా అనుకున్నారు. ఆ ఆలోచనే 1933లో ద్విబిందు వర్గీకరణ (కోలన్ క్లాసిఫికేషన్) అనే పద్ధతిగా అచ్చయింది. ఆయన 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో "ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు" అనేది ఒకటి, "పాఠకుడి సమయం ఆదా చేయాలి" అనేది ఇంకొకటి. ఏటా ఆగస్టు 12న ఆయన ఫొటోకు దండ వేస్తున్నాం. ఆ రెండు సూత్రాలు మా 'ఇతరములు' బీరువా ముందు నిలబడి చదివితే సిగ్గుగా ఉంటుంది.

దీనివల్ల ఎవరికి నష్టమో నేను కళ్లారా చూసినవే చెప్తాను.

1. నర్సింగ్ చదివే ఒక అమ్మాయి పక్క ఊరి నుంచి బస్సులో వచ్చింది. ఆపరేషన్‌కు ముందు రోగి దగ్గర తీసుకునే అంగీకార పత్రం గురించి క్లాసులో మాట్లాడాలట. రోగి తనకున్న జబ్బు సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పొద్దంటే నర్సు ఏం చేయాలి అన్నది ఆమె ప్రశ్న. ఆరోగ్యం బీరువాలో వెతికింది. డయాబెటిస్ వంటలు, యోగాసనాలు, ఇంటి వైద్యం దొరికాయి. గంటన్నర వెతికి, "లేదు మేడమ్, మన లైబ్రరీల్లో ఇలాంటివి ఉండవు" అని నాతో అని వెళ్లిపోయింది. నేను అప్పటికి నీతి అరలు చూడలేదు. మరుసటి వారం ఆ 43 పుస్తకాలు లెక్కపెడుతుంటే ఆమెకు కావలసిన పుస్తకం చేతికి తగిలింది. అంగీకారం మీద ఒక అధ్యాయం, రోగి రహస్యం మీద ఒక అధ్యాయం. వెనక అట్టకు అంటించిన గడువు తేదీల కాగితం మీద ఒక్క ముద్ర కూడా లేదు. ఆ అమ్మాయి ఫోన్ నంబరు నేను తీసుకోలేదు. ఆ బాధ నన్ను ఇంకా వదల్లేదు.

2. మా వీధిలో ఒక కౌలు రైతు ఉన్నాడు. కౌలుదారు హక్కుల గురించి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చట్టం వచ్చింది. దాన్ని వివరించే చిన్న పుస్తకం మా గ్రంథాలయంలో ఉంది. అది వ్యవసాయంలో పెట్టాలా, చట్టంలో పెట్టాలా అంటే రెండూ సబబే. మావాళ్లు రెండూ కాదని మూడోది ఎంచుకున్నారు, 'ఇతరములు'. ఆయన వచ్చి వ్యవసాయం బీరువా చూశాడు, పురుగుమందుల పుస్తకాలే కనిపించాయి. తర్వాత ఆ కాగితాలేవో నింపడానికి ఎవరికో డబ్బిచ్చుకున్నాడు. పుస్తకం ఆయనకు ఆరడుగుల దూరంలో ఉంది.

3. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి నీతికి విడిగా ఒక పేపరు, 250 మార్కులు. మా రీడింగ్ రూమ్‌లో పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకునే పిల్లల్లో సగం మంది ఏదో ఒక పోటీ పరీక్షకు చదువుతున్నవాళ్లే. కోచింగ్ మెటీరియల్ జిరాక్సులు వేల రూపాయలు పెట్టి తెచ్చుకుంటున్నారు. పాశ్చాత్య నీతిశాస్త్ర పరిచయం అనే ఆ నలగని పుస్తకం వాళ్ల వీపుల వెనక బీరువాలోనే ఉంది. నేను తీసి చూపిస్తే ఒక అబ్బాయి, "ఆంటీ, అది చిన్నపిల్లల కథల అర అనుకున్నాం" అన్నాడు. వాళ్ల టెన్షన్ వాళ్లది, ఎవరూ చెప్పకపోతే అక్కడ చెయ్యి పెట్టరు.

4. చిన్నపిల్లలకు ఇంకో రకం నష్టం. నీతి అంటే కథ చివర లావు అక్షరాల్లో ఉండే ఒక్క వాక్యం అనుకుని పెరుగుతున్నారు. దాని మీద ప్రశ్న వేయవచ్చని వాళ్లకు తెలియడం లేదు.

కాబట్టి చదివేవాళ్లు తగ్గిపోయారన్న మాటను నేను ఒప్పుకోలేను. అడగడానికి వచ్చినవాళ్లను ఖాళీ చేతులతో పంపించి, తర్వాత రావడం లేదంటున్నాం. రికార్డులన్నీ కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు కదా, అంతా సర్దుకుంటుందని కొందరన్నారు. పుస్తకం మీద తప్పు నంబరు ఉంటే కంప్యూటర్‌లోనూ అదే తప్పు ఎక్కుతుంది. ఇంకా నయం, ఇప్పుడు బీరువాలో అయినా కళ్లకు కనిపిస్తోంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ నర్సింగ్ అమ్మాయి తండ్రీ కడుతున్నాడు. ఇల్లున్న ప్రతి కౌలు రైతూ కడుతున్నాడు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ పెట్టినవాళ్లు, అయ్యంకి వెంకటరమణయ్య గారిలాంటివాళ్లు, పుస్తకం మామూలు మనిషి చేతికి అందాలనే ఊరూరా తిరిగారు. పుస్తకం కొన్నంత మాత్రాన అందినట్టు కాదు.

నా కోరికలు ఇవి.

1. ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ 'ఇతరములు' అనే చీటీ తీసేయించండి. ఆ పుస్తకాలను ఒక్కొక్కటీ తెరిచి, లోపల ఏముందో చూసి నంబరు వేయించండి. దీనికి కొత్త ఉద్యోగాలు ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. లైబ్రరీ సైన్స్ చదివే విద్యార్థులకు వేసవిలో నెల రోజులు ఈ పని అప్పజెప్పి, దారి ఖర్చులు, భోజనం ఖర్చులు ఇస్తే చాలు. నాలాంటి రిటైరైనవాళ్లు పక్కన కూర్చుని సరిచూస్తాం.

2. రెండు శాఖలకు చెందే ప్రతి పుస్తకానికీ రెండో బీరువాలో ఒక అట్ట ముక్క పెట్టించండి. "వైద్య నీతి పుస్తకాలు 174 దగ్గర ఉన్నాయి" అని రాసి ఉంటే చాలు. ఖర్చు ఏముంది, అట్టపెట్టె ఒకటి, స్కెచ్ పెన్ను ఒకటి.

3. జనం వాడే మాటలతో తెలుగు విషయసూచిక ఒకటి తయారు చేయించి గోడకు పెట్టించండి. 'కౌలు', 'అంగీకార పత్రం', 'వడ్డీ', 'వీలునామా', 'ధర్మసందేహం' అని ఉండాలి, పక్కన బీరువా నంబరు ఉండాలి. గ్రంథపాలకురాలు రెండో ఊళ్లో ఉన్న రోజు కూడా పాఠకుడు దారి తెలుసుకోగలగాలి.

4. తెలుగు పుస్తకాలకు ఉమ్మడిగా ఒక నిర్ణయం చేయండి. డ్యూయీ పద్ధతే స్థానిక సాహిత్యానికి ముందు చోటు ఇచ్చుకునే వెసులుబాటు కల్పించింది. దాన్ని వాడుకుందామా, శతకాలను ఎక్కడ పెడదాం, చాణక్యుడిని ఎక్కడ పెడదాం, నీతిశాస్త్రంలో మన ధర్మశాస్త్ర గ్రంథాలకు చోటెక్కడ అన్నది నలుగురు అనుభవజ్ఞులు, ఇద్దరు తెలుగు పండితులు, ఒక తత్వశాస్త్రం అధ్యాపకుడు కూర్చుని తేల్చాలి. దాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి ప్రతి శాఖా గ్రంథాలయానికీ పంపాలి. ఇప్పుడు ఒకే పుస్తకం మా ఊళ్లో ఒక అరలో, పక్క ఊళ్లో ఇంకో అరలో ఉంటోంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైన కోరిక ఇదే. మిగతావి మూడు నెలల్లో అయ్యేవి, ఇది ఒకసారి చేస్తే ముప్పై ఏళ్లు నిలుస్తుంది.

5. కొత్త పుస్తకాల కట్ట వచ్చిన వారంలో గ్రంథపాలకులకు ఒక పూట పూర్తిగా ఆ పనికే వదిలిపెట్టండి. ఆ పూట రెండో ఊరి డ్యూటీ వేయకండి.

6. ఈ లేఖకు లిఖితపూర్వకంగా జవాబు ఇప్పించండి. కాదన్నా సరే, ఎందుకు కాదో రాయండి.

నీతి అరల్లోని ఆ 43 పుస్తకాల పేర్లు, ఒక్కోదానికి ఉండాల్సిన నంబరు, ఏ బీరువాలోకి మార్చాలో నాలుగు పేజీల్లో రాసి ఈ లేఖకు జతచేస్తున్నాను. మా గ్రంథపాలకురాలు అవి చూసి సరేనన్నారు. కానీ పైనుంచి అనుమతి లేకుండా రిజిస్టర్‌లో నంబరు మార్చడానికి ఆవిడకు వీల్లేదు, అది న్యాయమే. మీరు అనుమతిస్తే మంగళ, శుక్రవారాల్లో ఉదయం ఎనిమిదికల్లా వచ్చి కూర్చుంటాను. చీటీలు, జిగురు నేనే తెచ్చుకుంటాను. మొదట ఆ వైద్య నీతి పుస్తకాన్ని 174.2కు మార్చాలి.

ఇట్లు,
మీ శాఖా గ్రంథాలయ పాఠకురాలు,
రిటైరైన కళాశాల గ్రంథపాలకురాలు